తడవని సంచి

మీది నూజివీడు మామిడితోటల వైపున్న బాపులపాడు అనుకోండి. దసరా సెలవులు వచ్చాయి. భవానీ దీక్షలో ఉన్న మీ తాతయ్య ఎర్రబట్టలు కట్టుకుని, బెజవాడ కనకదుర్గమ్మ కొండకు కాలినడకన బయలుదేరాడు. "నేనూ వస్తాను తాతయ్యా!" అని మీరూ వెంటపడ్డారు. హనుమాన్ జంక్షన్ నుంచి వీరవల్లి, తేలప్రోలు, ఆత్కూరు, గన్నవరం మీదుగా మొత్తం దాదాపు 40 కిలోమీటర్ల నడక. రాత్రికి గన్నవరంలో పడక. మర్నాడు మిగతా దారి.

మారుబట్టలు, తువ్వాలు, దుప్పటి, తాతయ్య వేసుకునే బి.పి. మాత్రలు అన్నీ మీ సంచిలోనే ఉన్నాయి. సంచి మెరిసే నైలాను గుడ్డది. "ఇది వాటర్‌ప్రూఫ్, చుక్క నీరు దిగదు" అని కొట్టులో చెప్పి మరీ ఇచ్చారు. మూతికి నూలు తాడు ఉంది, లాగితే బిగుసుకుంటుంది. పొద్దున స్నానం చేసి తుడుచుకున్న తువ్వాలు ఇంకా చెమ్మగానే ఉంది. అయినా దాన్నీ అందులోనే కుక్కి బయలుదేరారు.

తేలప్రోలు దాటగానే తూర్పున మబ్బు కమ్మింది. మన కోస్తా జిల్లాల్లో అక్టోబరు అంటే ఈశాన్య ఋతుపవనాల రోజులు, తుపానుల రోజులు కదా! గంటసేపు కుండపోతగా కురిసింది. మీరు పరుగున వెళ్ళి బస్సు షెల్టరులో చేరారు. అక్కడ నేలంతా నీళ్ళు. సంచినే పీటలా వేసుకుని దానిమీద కూర్చున్నారు. వాన వెలిశాక మళ్ళీ నడక.

రాత్రి గన్నవరంలో సంచి విప్పితే ఏముంది? దుప్పటి తడి. మారుచొక్కా తడి. కాగితపు పొట్లం నాని, తాతయ్య మాత్రలు ముద్దముద్ద అయ్యాయి. "వాటర్‌ప్రూఫ్ అన్నావు కదరా!" అన్నాడు తాతయ్య. మీరు సంచిని దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. ఎక్కడా చిరుగు లేదు, కన్నం లేదు.

మరి నీళ్ళు ఏ దారిన వచ్చాయి? వచ్చిన దారి ఒకటి కాదు, నాలుగు. ఆ నాలుగు దారులూ కనిపెడితే, తడవని సంచిని ఎంచుకోవడం ఎలాగో ఎవరూ చెప్పక్కరలేదు. రండి, ఒక్కొక్క దారినే వెతుకుదాం.

తడిస్తే వచ్చే నష్టమేమిటి?

"తడిస్తే ఏమైంది? ఒంటిమీదే ఆరిపోతుంది" అంటారేమో. ఆరడం అంటే ఏమిటి? నీరు ఆవిరి కావడం. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఒంటి వెచ్చదనం దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి పడుతుంది. దీన్నే బాష్పీభవన గుప్తోష్ణం అంటారని మీరు చదివే ఉంటారు.

తడిసిన చొక్కా, లాగూ కలిసి పిండిన తర్వాత కూడా 300 గ్రాముల నీటిని పట్టుకుని ఉన్నాయనుకుందాం. 300ని 580తో గుణించండి. 1,74,000 కేలరీలు! ఇంత వేడితో రెండు లీటర్ల మంచినీళ్ళను పొయ్యిమీద పెట్టి మరిగేదాకా కాచవచ్చు. ఇందులో కొంత వేడిని చుట్టూ ఉన్న గాలి ఇస్తుంది. మిగిలినదంతా మీ ఒంటినుంచే పోతుంది. అంతేకాదు, కదలకుండా ఉన్న గాలికంటే నీరు వేడిని దాదాపు 25 రెట్లు ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. పొడి బట్టలో దారాల మధ్య చిక్కుకున్న గాలి మనల్ని వెచ్చగా ఉంచుతుంది. ఆ గాలి ఉండవలసిన చోటును నీరు ఆక్రమిస్తే, దుప్పటి కప్పుకున్నా చలి తగ్గదు.

అందుకే రోజంతా తడిసినా ఫర్వాలేదు గాని, రాత్రికి ఒక జత పొడి బట్టలు ఉండాలి. ఇక మాత్రల సంగతి చెప్పేదేముంది? రోజూ తప్పక మందు వేసుకోవలసిన పెద్దవారికి ఆ పొట్లం తడవడం చిన్న విషయం కాదు. నడిచేవారు ముందు అడగవలసిన ప్రశ్న "ఏ సంచి కొనాలి?" అన్నది కాదు. "ఏవి తడవకూడదు?" అన్నది.

గుడ్డ ఎందుకు తడుస్తుంది?

ఒక నూలు తువ్వాలు కొసను నీళ్ళ గ్లాసులో ముంచి, మిగతాది బయటికి వేలాడదీయండి. కాసేపటికి నీరు గుడ్డ వెంట పైకి పాకి, అంచు దాటి, అవతల చుక్కలుగా కారడం మొదలుపెడుతుంది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టే నూలుపోగుల మధ్య ఉండే సన్నని సందులు నీటిని లాగుతాయి. దీనినే కేశనాళికీయత అంటారు. పత్తికి నీరంటే ఇష్టం. అందుకే తువ్వాళ్ళకు అది పనికి వచ్చింది, సంచులకు పనికిరాకుండా పోయింది.

ఇప్పుడు పెరట్లోని చామ ఆకు మీద నాలుగు చుక్కలు వేయండి. అవి ముత్యాల్లా దొర్లిపోతాయి. ఆకు మీద మైనం లాంటి పొర, కంటికి కనిపించని గరుకుదనం ఉన్నాయి. నీటికి అక్కడ అంటుకోవడానికి వీలు చిక్కదు. తలతన్యత వల్ల నీటిచుక్క తనను తానే గుండ్రంగా బిగించుకుంటుంది. గొడుగు గుడ్డ చేసే పని కూడా ఇదే. గుడ్డలో సందులు ఉంటాయి, కాని నీటికి ఇష్టం లేని పూత ఉంటే ఆ సందుల్లోకి నీరు తనంత తాను దిగదు. ఎవరైనా నెట్టాలి.

ఆ నెట్టేవారి సంగతి తర్వాత చూద్దాం. ముందుగా మన పెద్దలు ఏం చేసేవారో తెలుసుకుందాం.

గిడుగు నుంచి యూరియా బస్తా దాకా

వానలో నాట్లు వేసేవారు తాటాకు గిడుగు నెత్తిన, వీపున కప్పుకునేవారు. మేకలు, గొర్రెలు కాచేవారు ఉన్ని గొంగళి కప్పుకునేవారు. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు నీటిని కొంతసేపు ఆపుతుంది. ఎరువుల బస్తాలు వచ్చాక ఒక మూలను ఇంకో మూలలోకి దూర్చి, టోపీలా నెత్తిన పెట్టుకుని పొలాల్లో తిరిగే వారిని మీరు చూసే ఉంటారు.

ఆ బస్తాను ఒకసారి పరీక్షగా చూడండి. పైన ప్లాస్టిక్ పట్టీలతో నేసిన గట్టి సంచి. అది చిరగదు, కాని నేత సందుల్లోంచి నీరు పోతుంది. లోపల పల్చని పాలిథీన్ సంచి. దాంట్లోంచి నీరు పోదు, కాని ముల్లు గుచ్చుకుంటే చిరుగుతుంది. బలం ఒకరిది, నీటిని ఆపే గుణం ఇంకొకరిది. తేమ తగిలితే గడ్డకట్టే యూరియాను ఈ ఇద్దరూ కలిసి కాపాడుతున్నారు! నీరు చొరని సంచులన్నిటిలోనూ ఉండే సూత్రం ఇదే. బలానికి గుడ్డ, నీటిని ఆపడానికి పొర.

ఈ సూత్రం మీదనే స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో చార్లెస్ మెకింతోష్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1823లో పేటెంటు తీసుకున్నాడు. తారునుంచి తీసిన నాఫ్తాలో రబ్బరును కరిగించి, ఆ జిగురును రెండు గుడ్డల మధ్య పూసి అతికించాడు. ఆ గుడ్డతో కుట్టిన వానకోటుకు ఆయన పేరే నిలిచిపోయింది. కాని ఒక తమాషా జరిగింది. దర్జీలు ఆ గుడ్డను మామూలు బట్టలాగే సూదితో కుట్టారు. గుడ్డలోంచి రాని నీరు కుట్ల వెంట బొట్టుబొట్టుగా లోపలికి వచ్చింది!

ఇదుగో, మన మొదటి దారి దొరికింది. మీ సంచిని మళ్ళీ చూడండి. అడుగున, పక్కన కుట్లున్నాయి. సెంటీమీటరుకు మూడు నాలుగు కన్నాలు పొడుచుకుంటూ సూది నడిచింది. ఒక్క సంచిలో అవి వందల్లో ఉంటాయి. అందుకే మంచి సంచిలో కుట్ల మీద లోపలివైపు ఒక పట్టీని వేడితో అతికిస్తారు. లేదా అసలు కుట్టు లేకుండా రెండు అంచులనూ కరిగించి అతుకుతారు. కొనేటప్పుడు సంచిని లోపలివైపుకు తిరగేసి చూడండి. కుట్టు మీద నున్నని పట్టీ కనిపించకపోతే, గుడ్డ ఎంత గొప్పదైనా ఆ సంచి తడవనిది కాదు.

నీటికి ఎంత బలం?

ఇక నీటిని నెట్టేవారి సంగతికి వద్దాం. నెట్టేది పీడనం.

ఒక గాజుగొట్టం అడుగున గుడ్డ బిగించి కట్టి, పైనుంచి నీరు పోస్తూ ఉండండి. నీటి ఎత్తు పెరిగేకొద్దీ గుడ్డ మీద పీడనం పెరుగుతుంది. ఒక ఎత్తు దగ్గర గుడ్డకు అవతల చెమటలా చుక్కలు పడతాయి. ఆ ఎత్తును మిల్లీమీటర్లలో చెబితే అదే ఆ గుడ్డ శక్తి. గుడారాల మీద, వానకోట్ల మీద, సంచుల మీద "1,500 మి.మీ.", "3,000 మి.మీ.", "10,000 మి.మీ." అని వేసే అంకెల అర్థం ఇదే. ఇలాంటి గుడ్డను "వాటర్‌ప్రూఫ్" అనడం సగం మాట మాత్రమే. ఎంత పీడనం దాకా అన్నది మిగతా సగం.

లెక్క సులభం. ఒక మీటరు ఎత్తు నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీద 100 గ్రాముల బరువు మోపుతుంది. ఇప్పుడు మీరు బస్సు షెల్టరులో చేసిన పనిని లెక్క కట్టండి. మీ బరువు 40 కిలోలు. మీరు కూర్చున్న చోటు 400 చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 100 గ్రాములు. అంటే సరిగ్గా 1,000 మి.మీ. నీటి ఎత్తుతో సమానం! కింద తడి నేల, మీద మీరు, మధ్యలో సంచి. నీటికి పక్కకు పోయే దారి లేకపోతే గుడ్డలోంచి పైకి రావాల్సిందే. అదే మీరు మోకాళ్ళ మీద నిలబడి సంచిని నొక్కారనుకోండి. రెండు మోకాళ్ళూ కలిసి 40 చదరపు సెంటీమీటర్లే ఆనాయనుకుంటే, పీడనం పది రెట్లయి 10,000 మి.మీ. అవుతుంది.

మరి వాన సంగతేమిటి? పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో వచ్చి తాకుతుంది. తాకిన చోట పీడనం ఎక్కువే గాని అది రెప్పపాటు కూడా ఉండదు. గుడ్డ వెనక్కు వంగి దెబ్బను తప్పించుకుంటుంది. అందుచేత ఒక మోస్తరు పూత ఉన్న గుడ్డ కూడా వానను ఆపగలుగుతుంది. మీ రెండో దారి వాన కాదన్నమాట. సంచి మీద కూర్చున్న మీరే! భుజం పట్టీ కింద, వీపుకు ఒత్తుకునే చోట కూడా ఇదే జరుగుతుంది. పూత అరిగిన పాత సంచులు మొదట తడిసేది అక్కడే.

మూతి చెప్పే నీతి

గుడ్డా, కుట్లూ బాగున్నా మూతి ఒకటి ఉండనే ఉంది. తాడు లాగి బిగించిన మూతిని పైనుంచి చూడండి. గుడ్డ ముడతలు పడి, మధ్యలో వేలు దూరేంత కన్నం మిగిలి ఉంటుంది. పైగా నూలుతాడు వత్తిలా పనిచేసి నీటిని లోపలికి తెస్తుంది. ఇది మూడో దారి.

నదుల్లో పడవలు నడిపేవారు, దూరాలు నడిచేవారు వాడే 'డ్రై బ్యాగు'కు తాడు ఉండదు. మూతి అంచులో కాస్త బిరుసైన పట్టీ ఉంటుంది. సంచిలోని గాలిని మెల్లగా నొక్కి పంపేసి, మూతి రెండు అంచులనూ సరిగ్గా కలిపి, చాప చుట్టినట్టు మూడుసార్లు గట్టిగా చుట్టాలి. ఆ తర్వాత రెండు కొసలను వంచి క్లిప్పుతో కలపాలి. ఇప్పుడు నీరు లోపలికి రావాలంటే అంటుకుపోయిన రెండు పొరల మధ్య నుంచి మూడు మలుపులు తిరిగి రావాలి. ఒక్క చుట్టుతో వదిలేస్తే ఆ దారి పొట్టిది అవుతుంది. మూడు చుట్లన్నది ఆచారం కాదు, అవసరం.

ఒక హెచ్చరిక. ఇలా చుట్టిన మూతి వానకు, తుంపరకు, కాలవలో జారిపడి తేలే సంచికి సరిపోతుంది. సంచిని నీటి అడుగున ఉంచితే చాలాసేపు ఆగదు. తేలిక సంచులను తయారుచేసేవారే "ముంచవద్దు" అని వాటిమీద వేస్తుంటారు. కొన్నిటిమీద 'ఐ.పి.ఎక్స్. 6', 'ఐ.పి.ఎక్స్. 7' అనే గుర్తులు కనిపిస్తాయి. 6 అంటే గట్టి నీటిధారను ఆపుతుంది. 7 అంటే ఒక మీటరు లోతులో అరగంట దాకా ఆపుతుంది. సంచి నీటిలో తేలుతుంది కదా అని దాన్ని పట్టుకుని కాలవలోకి దిగే సాహసం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. అది మిమ్మల్ని మోసే బెండుకట్ట కాదు.

బరువు ఎంత? బలం ఎంత?

ఇక తేలిక సంగతి. ఒక సంచి కొలతలను మనమే లెక్క వేద్దాం. చుట్టుకొలత 60 సెం.మీ., నిండే ఎత్తు 35 సెం.మీ. అయితే అందులో దాదాపు 10 లీటర్ల చోటు ఉంటుంది. వృత్తవైశాల్యం సూత్రంతో మీరే సరిచూసుకోండి. మూతి చుట్టడానికి ఇంకో 12 సెం.మీ. కావాలి. అడుగుతో కలిపి మొత్తం గుడ్డ 0.31 చదరపు మీటరు అవుతుంది.

లారీల మీద కప్పే పి.వి.సి. టార్పాలిన్ లాంటిది చదరపు మీటరుకు 600 గ్రాములు ఉందనుకోండి. ఆ గుడ్డతో సంచి 186 గ్రాములు తూగుతుంది. సిలికోన్ పూసిన సన్న నైలాను చదరపు మీటరుకు సుమారు 50 గ్రాములు. దానితో చేస్తే 16 గ్రాములు కూడా ఉండదు! పట్టీ, క్లిప్పు కలిపినా ఒక కోడిగుడ్డు బరువుకు మించదు.

ఈ సన్న నైలాను ఎంత సన్నం? గుడ్డ మీద '30 డెనియర్' అని ఉంటుంది. 9,000 మీటర్ల పొడవున్న దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంటే రెండు గంటల నడకంత పొడవున్న దారం 30 గ్రాములే తూగుతుందన్నమాట. 70 డెనియర్ దారం ఇంకా లావు, బరువు, బలం. నైలానును 1935లో అమెరికాలో వాలెస్ కరోదర్స్ బృందం తయారుచేసింది. అంత సన్నని దారానికి అంత బలం ఉండబట్టే తేలిక సంచులు సాధ్యమయ్యాయి.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. పాలిథీన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.92 గ్రాము. 50 మైక్రాన్ల మందం ఉన్న షీటు చదరపు మీటరుకు 46 గ్రాములు. అంటే ఖరీదైన సిలికోన్ నైలాను, బస్తా లోపలి పాలిథీన్ సంచి దాదాపు ఒకే బరువు! ఈ పాలిథీన్‌ను 1933లో ఇంగ్లండులో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అనుకోకుండా కనుగొన్నారు. నీటిని ఆపడంలో దానికి వంక పెట్టలేం. లోపమల్లా ఒకటే. ముల్లు, గోరు, తాళంచెవి తగిలితే చిరుగు మొదలవుతుంది, మొదలైతే ఆగదు. దాన్ని గట్టి సంచి లోపల పెడితే ఆ లోపమూ చాలావరకు తీరుతుంది. యూరియా బస్తా చెప్పిన పాఠం గుర్తుందిగా?

మరి 186 గ్రాముల సంచికీ, 16 గ్రాముల సంచికీ తేడా మనిషికి ఎంత తెలుస్తుంది? 40 కిలోమీటర్లకు 60 సెం.మీ. చొప్పున సుమారు 66,000 అడుగులు పడతాయి. అడుగు అడుగుకూ మన నడుము ఒక 4 సెం.మీ. లేచి దిగుతుంది. అన్నీ కలిపితే వీపు మీది ప్రతి వస్తువునూ 2,600 మీటర్లకు పైగా ఎత్తినట్టు! ఒక కిలో బరువుకు ఈ పని దాదాపు 26,000 జౌళ్ళు. కండరాలు తిన్న ఆహారంలో నాలుగో వంతునే పనిగా మార్చగలవు కాబట్టి, అందుకు ఆరేడు గ్రాముల బెల్లం ఖర్చవుతుంది. సంచుల మధ్య ఉన్న 170 గ్రాముల తేడాకైతే ఒక్క గ్రాము బెల్లం చాలు.

ఆశ్చర్యంగా లేదూ? శక్తి లెక్కలో ఈ తేడా గోరంత. కాని భుజం ఎముక మీద, అరికాలి బొబ్బ మీద పడేది మొత్తం బరువు. బడి సంచి పిల్లల బరువులో పదోవంతు మించకూడదని మన కేంద్రప్రభుత్వపు 2020 నాటి బడిసంచుల విధానం చెబుతోంది. నడకకూ అదే కొలత పెట్టుకోండి. 40 కిలోల పిల్లవాడికి 4 కిలోలు. అందుచేత పది గ్రాముల తేడా కోసం వందల రూపాయలు పోయకుండా, ముందు సంచిలోంచి అక్కరలేనివి తీసేయండి. తేలిక సంచి కొనడం కంటే సంచిని తేలిక చేయడం మేలు.

మామిడిపండు చెప్పే రహస్యం

మూడు దారులు దొరికాయి. నాలుగోది బయటినుంచి వచ్చింది కాదు.

వేసవిలో మీ ఊళ్ళో బంగినపల్లి కాయలనో రసాలనో ఎలా మాగబెడతారు? వరిగడ్డిలో పేర్చి, గాలి ఆడేలా ఉంచుతారు. ఎవరైనా పాలిథీన్ కవరులో పెట్టి మూతి బిగిస్తారా? ఈసారి ఒక కాయను అలా కట్టి చూడండి. మర్నాటికి కవరు లోపల నీటిచుక్కలు పడతాయి. కోసిన తర్వాత కూడా కాయ శ్వాసిస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుని, బొగ్గుపులుసు వాయువును, నీటి ఆవిరిని, వేడిని వదులుతుంది. ఆ ఆవిరికి బయటికి పోయే దారి లేక నీరవుతుంది. కాయ మెత్తబడి కుళ్ళడానికి అది చాలు.

మీ చెమ్మ తువ్వాలు చేసింది కూడా ఇదే. పగలు ఎండకు సంచి వెచ్చబడింది. తువ్వాలులోని నీరు ఆవిరైంది. వాన పడగానే సంచి చల్లబడింది. ఆవిరి మళ్ళీ నీరై దుప్పటి మీద, చొక్కా మీద దిగింది. బయటి నీటిని లోపలికి రానివ్వని సంచి, లోపలి నీటిని బయటికి పోనివ్వదు. రెండూ ఒకే గుణం! అందుకే తడి వస్తువులకు ఒక కవరు, పొడి వస్తువులకు ఇంకొకటి ఉండాలి.

ఇంటికి వచ్చాక కూడా సంచిని మడిచి అటక మీద పడేయకండి. పాలీయూరిథేన్ పూత ఉన్న గుడ్డను చెమ్మగా, వేడిగా ఉన్న చోట ఏళ్ళ తరబడి ఉంచితే ఆ పూత జిగురై, పొలుసులుగా ఊడిపోతుంది. మన కోస్తా ఉక్కలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. నీడలో ఆరేసి, వదులుగా చుట్టి పెట్టాలి. సిలికోన్ పూతకు ఈ బెడద తక్కువ. కాని దానికి కుట్లమీద పట్టీ అతకదు, సిలికోన్ జిగురే పూయాలి.

చేసి చూడండి: బకెట్ పరీక్ష

కొత్త సంచి కొన్నా, పాతది వాడినా, బయలుదేరేముందు ఇంట్లోనే పరీక్షించండి.

1. సంచిలోకి గాలి పట్టి, మూతి మూడుసార్లు చుట్టి బిగించండి. కుట్ల మీద సబ్బునీళ్ళు రాసి సంచిని మెల్లగా నొక్కండి. బుడగలు వచ్చిన చోట కన్నం ఉన్నట్టే. సైకిలు ట్యూబుకు పంక్చరు వెతికే పద్ధతే ఇది.

2. సంచి నిండా పాత వార్తాపత్రిక కాగితాలు నలిపి నింపండి. మూతి బిగించి, బకెట్ నీటిలో పదినిమిషాలు అటూ ఇటూ దొర్లించండి. తీసి, పైన తుడిచి, విప్పి చూడండి. కాగితం ఎక్కడ తడిసి నల్లబడిందో అక్కడే లోపం.

3. అదే సంచిని తడి గోనె మీద పెట్టి, దానిమీద ఐదు నిమిషాలు కూర్చోండి. మళ్ళీ కాగితం చూడండి. షాపులో ఎవరూ చేసి చూపించని పరీక్ష ఇది.

ఈ మూడింటిలో నెగ్గిన సంచి ఎవరు చేసినదైనా మంచిదే.

మరి ఏది ఎంచుకోవాలి?

పడవలో వెళ్తున్నా, సంచి నీటిలో పడే వీలున్నా, బరువైనా సరే, అతుకులు కరిగించి చేసిన మందపాటి పి.వి.సి. సంచి మంచిది. కొండదారుల్లో రోజుల తరబడి నడిచేవారు, బరువు వీపుమీదే మోసేవారు సన్న నైలాను డ్రై బ్యాగులు రెండు మూడు తీసుకోవడం మంచిది. ఒకటే పెద్దది ఉంటే ఒక్క కన్నంతో అన్నీ తడుస్తాయి. బట్టలకు ఒకటి, మందులకు, కాగితాలకు ఒకటి ఉంటే ఒకటి ఓడినా ఇంకొకటి నిలుస్తుంది. వేరువేరు రంగులైతే చీకట్లో వెతుక్కోవడం సులభం.

బాపులపాడు నుంచి బెజవాడ దాకా వెళ్ళే మీకు అంత ఖర్చు అక్కరలేదు. మీ మామూలు సంచే ఉండనివ్వండి. దాని లోపల మందపాటి పాలిథీన్ సంచి ఒకటి వేసి, వస్తువులు సర్ది, గాలి తీసి, మెడను మెలితిప్పి, కిందికి మడిచి రబ్బరు బ్యాండు బిగించండి. మాత్రలు మరో చిన్న కవరులో. తడి తువ్వాలు బయట. కూర్చోవడానికి సంచి కాదు, వేరే పట్టా. అంతే! పురుగుమందులు వచ్చిన సంచులను మాత్రం ఎంత కడిగినా వాడవద్దు. పాలిథీన్ కవర్లను చిన్నపిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వవద్దు, ముఖం మీద పడితే ఊపిరి ఆడదు.

ఇది నడకకు మాత్రమే పనికివచ్చే విద్య కాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి, విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. అలాంటి వేళ ఇల్లు వదిలి వెళ్ళవలసివస్తే చేతికి అందవలసినవి ఏమిటి? పెద్దల మందులు, పదోతరగతి సర్టిఫికెట్లు, ఆధార్, రేషను కార్డులు, ఒక జత పొడి బట్టలు. వీటిని మూడు చుట్లు చుట్టిన సంచిలో సర్ది, దండేనికి తగిలించి ఉంచడానికి పది నిమిషాలు పట్టదు.

ఈ ఆదివారం బకెట్ పరీక్ష మొదలుపెట్టండి. మొదట మీ బడిసంచినే పరీక్షించండి. నాలుగు దారుల్లో ఏ దారిన నీరు వచ్చిందో కాగితం మీద రాసుకోండి. వచ్చే దసరాకు తాతయ్య మళ్ళీ నడుస్తానంటే, ఈసారి సంచి సర్దే పని మీదే!